క్లచ్‌కు ఆముదం

మొన్న అనంతపురంలో మా పాత కారును సర్వీసుకు ఇచ్చి, షెడ్డు ముందు వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి మెకానిక్ బానెట్ కింద నుంచి తల బయటపెట్టి, "క్లచ్చు ఆయిలు నల్లగయిండాది సార్. మార్చేదా?" అని అడిగాడు. మార్చమన్నాను. అతను వెనక్కి తిరిగి, గోడ అలమరలో మూత సరిగ్గా పడని ఒక డబ్బా తీశాడు. "అది వద్దప్పా. సీలు ఉన్న డబ్బా తెప్పించు. నా ఎదురుగానే తెరువు" అన్నాను. అతను నా తెల్లజుట్టు వైపు, నా కారు వైపు చూసి నవ్వాడు. "ఏం సార్, ఘాటు రోడ్ల మీద పందెం గాని పోతాండారా?" అన్నాడు. నా కారు కూరగాయల మార్కెట్టుకూ, పళ్ళ డాక్టరు దగ్గరకూ తప్ప ఎక్కడికీ పోదు. దాన్ని దాటిపోయే సైకిళ్ళు చాలా ఉన్నాయి. అయినా సీలు తీసే చప్పుడు వినేదాకా నేను కుర్చీలో స్థిమితంగా కూర్చోలేకపోయాను. ఆ జాగ్రత్త నాకు వేగంగా బండి నడిపి వచ్చింది కాదు. వేగంగా బండి నడిపిన మా చెల్లెలి పక్క సీట్లో ఒక ఎండాకాలం కూర్చుని వచ్చింది.

మా చెల్లెలిని మా మేనమామ కొడుక్కే ఇచ్చారు. ఆయన నాకంటే పెద్దవాడు కనుక పెళ్ళికి ముందూ బావే, తర్వాతా బావే. వాళ్ళ ఊరు బెళుగుప్ప దాటాక, రోడ్డు దిగి కొంత దూరం పోతే వస్తుంది. బావ వయసులో ఉన్నప్పుడు రాయదుర్గానికీ చుట్టుపక్కల ఊళ్ళకూ సర్వీసు జీపు నడిపేవాడు. లోపల పట్టినంతమంది లోపల, పట్టనివాళ్ళు బానెట్ మీద, ఇంకా మిగిలినవాళ్ళు వెనక కడ్డీ పట్టుకుని వేలాడుతూ, అందరి మధ్యలో బావ ఒక తొడ మాత్రం సీటు మీద ఆనించి స్టీరింగు తిప్పుతూ ఉండేవాడు. జీపుల కాలం పోయాక ఆయన భూమి మీద పడ్డాడు. వేరుశనగ వేసి వేసి విసిగి, ఉన్న ఎర్రనేలలో చీనీ చెట్లు, అంటే బత్తాయి, పెట్టాడు. చెట్లు కాపుకొచ్చే నాటికి షుగరు ఆయన కళ్ళను తినేసింది. మనిషి ఎదురుగా నిలబడితే నీడలాగా కనబడేది, అంతే. గొంతును బట్టి ఎవరో గుర్తుపట్టేవాడు. బండి శబ్దాన్ని బట్టి ఎవరి బండో, ఏ గేరులో ఉందో కూడా చెప్పేవాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అంతకు ముందేడు కూడా పెద్దగా చూపించింది లేదు. తోటలో ఉన్న రెండు బోర్లూ ఒకదాని వెనక ఒకటి గాలి కక్కడం మొదలుపెట్టాయి. వేరుశనగ ఎండిపోతే ఆ ఏటికి పోయిందనుకుని మళ్ళీ ఏడు విత్తనం కోసం చూస్తారు. చీనీ చెట్టు ఎండితే అట్లా కాదు. బిడ్డను పెంచినట్టు ఏండ్ల తరబడి పెంచితే కాపుకొస్తుంది. ఒక్క ఎండాకాలం నీళ్ళు తప్పితే కట్టెపుల్ల అవుతుంది. చుట్టుపక్కల తోటలు కొన్ని అప్పటికే పొయ్యిలోకి పోయాయి. మా చెల్లెలు మాత్రం తన తోటను పొయ్యిలోకి పోనివ్వనని పట్టుబట్టింది. పాత మినీ లారీ ఒకటి కొని, దాని మీద పెద్ద నల్ల ట్యాంకు కట్టించింది. గుమ్మఘట్ట దోవలో ఒక రైతు బోరు ఇంకా పోస్తోంది. అక్కణ్ణుంచి నీళ్ళు తెచ్చి చెట్టు చెట్టుకూ పోయాలని ఆమె పథకం. బండి నడపడానికి డ్రైవరును పెట్టారు. అతను రెండు రోజులు చేసి, తోటలో చెట్టుకొకసారి ఆపి పోయే పని తనవల్ల కాదని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. మూడో రోజు ఆమె చీర కొంగు నడుముకు బిగించి, ఎండిన చెరువులో బండి దించి, బావను పక్కన కూర్చోబెట్టుకుంది. చూపు లేని మనిషి చెబుతుంటే చూపున్న మనిషి నేర్చుకుంది. చెరువంతా చక్రాల ముద్రలేనట. కప్పలు కూడా లేవు కనుక ఎవరికీ ప్రమాదం జరగలేదని బావ చెప్పేవాడు.

నేను ఆ ఏడాదే ఉద్యోగం దిగాను. కాలేజీలో రసాయనాల స్టోరు చూసేవాణ్ణి. సీసాలు సర్దడం, చీటీలు అంటించడం, మూతలు బిగించడం, ఏ సీసా ఎప్పుడు తెరిచామో దాని మెడకు రాసి కట్టడం నా బతుకంతా చేసిన పని. ఇంట్లో డైరీ రాయడం కూడా ఆ పని లాంటిదే. ఆ రోజు ఎంత ఎండ, ఏ కూర, ఎవరొచ్చారు, ఇంతే రాస్తాను. నా భార్య నా డైరీ ఒకసారి చదివి, ఇందులో తాను వంట చేయడం తప్ప ఇంకేమీ లేదని మూసేసింది. రిటైరైన కొత్తలో చేతులు ఊరికే ఉండక ఇంట్లో పోపుల డబ్బాలకు కూడా చీటీలు అంటించాను. అప్పుడు ఆమే నన్ను, "మీ చెల్లెలు కష్టపడతాండాది, పోయి ఆడ ఏమన్నా అంటించుకో పో" అని బెళుగుప్ప బస్సు ఎక్కించింది.

మా చెల్లెలు బండి నడపడం చూసినవాళ్ళు ఆమె ఎవరి మీదో కోపంగా ఉందనుకునేవారు. ఆ కోపం కరెంటు మీద. బోరుకు మూడు ఫేజుల కరెంటు ఇచ్చేది పూటకు కాసేపే. అది పోయేలోగా ట్యాంకు నింపుకుని, తోటకొచ్చి, ఖాళీ చేసి, మళ్ళీ పోయి క్యూలో నిలబడాలి. అందుకని ఖాళీ బండిని దుమ్ము లేపుకుంటూ తోలేది. నిండు బండిని మూలుగుతున్నా వదలకుండా ఎక్కించేది. ఊరి ముందు ఒక ఎత్తు ఉంది. ఎత్తంటే కొండేమీ కాదు, బండలు తేలిన పొడవాటి మిట్ట. నిండు ట్యాంకుతో అది ఎక్కేటప్పుడు ఇంజన్ వేడికి మన కాళ్ళు సీటు మీదకు ముడుచుకోవాలనిపించేది. తోటలోకి వచ్చాక ఇంకో రకం కష్టం. ఒక చెట్టు పాదు నిండగానే బండి రెండు బారలు ముందుకు జరగాలి, ఆగాలి, మళ్ళీ జరగాలి. వరస పొడుగునా క్లచ్ తొక్కడం, వదలడం, సగం తొక్కి పట్టడం. నడి ఎండలో, గాలి తగలకుండా, నడక కంటే మెల్లగా.

ఆ బండి క్లచ్‌లో తీగ గాని కడ్డీ గాని లేదు. పెడల్ తొక్కితే పైనున్న చిన్న సిలిండర్‌లో నూనె నొక్కుకుని, గొట్టం గుండా దిగి, గేరు బాక్సు పక్కనున్న ఇంకో చిన్న సిలిండర్‌ను తోస్తుంది. ఆ తోపుకు క్లచ్ విడుతుంది. కాలికీ ఇంజనుకూ మధ్య ఉన్నదల్లా చెంబులో సగం కూడా రాని ఆ నూనే. అది తగ్గినా, అందులో గాలి చేరినా పెడల్ ఊరికే కిందికి పోతుంది, గేరు పడదు. నేను వెళ్ళేసరికి ఇదే వాళ్ళింట్లో రోజువారీ మాటగా ఉంది. కింది సిలిండర్ నుంచి నూనె కారుతోంది. రాయదుర్గం మెకానిక్ లోపలి రబ్బరు వాషర్లు మార్చాడు. కొన్నాళ్ళకు మళ్ళీ కారింది. మళ్ళీ మార్చాడు. మళ్ళీ కారింది. మూడోసారి అతను సిలిండర్ వైపు చూడనే లేదట, మా చెల్లెలి పాదం వైపు చూశాడట.

"అక్కా, నువ్వు కాలు క్లచ్చు మీదనే పెట్టుకుంటావు. వాషర్లు యాడ నిలుస్తాయి?"

"గాల్లో పెట్టుకోవల్నా కాలు? చెట్టుకొకసారి ఆపకపోతే నీళ్ళు యాడ పడతాయి, నీ నెత్తిన పడతాయా? వచ్చి నువ్వే పోసి చూపీ."

"నేను మెకానిక్కును గదక్కా."

"అయితే మెకానిక్కు పని చెయ్యి."

ఆమె అట్లా అని వచ్చింది గాని, ఊళ్ళో మాట వేరే విధంగా నడిచింది. టీ హోటలు దగ్గర, ఆడమనిషి తొక్కుడుకు ఏ బండి నిలుస్తుందని నవ్వుకున్నారు. నవ్వినా ఆమె లెక్కచేసేది కాదు. బావ కూడా ఆ మాటే నమ్మడం ఆమెను గుచ్చింది. నేను వెళ్ళిన రాత్రే ఆయన అన్నం ముందు కూర్చుని, "ఇంగొక్కసారి బండి నిలిస్తే అమ్మేద్దాం. తోట పోతే పోనీ. మిట్ట మీద నిండు ట్యాంకుతో వెనక్కి దొర్లితే నువ్వే ల్యాకుండా పోతావు" అన్నాడు. ఆ మాటలో ప్రేమ ఉంది, తప్పు కూడా ఆమెదేనన్న తీర్పు ఉంది. ఆమె ఆయన కంచంలో ఇంకో సంగటి ముద్ద పెట్టింది. వంటింట్లోకి వచ్చి నాతో, "అన్నా, బండి నిలబడగూడదు. నిలిస్తే నా మాట ఇంగ ఈ ఇంట్లో చెల్లదు, చెట్లూ దక్కవు. నీకు సీసాలూ నూనెలూ తెలుసు గదా. యాడ పోతాండాదో సూడు" అంది.

నేను వెళ్ళిన తర్వాత రెండో ట్రిప్పుకే బండి నిలిచింది. మిట్ట సగం ఎక్కాం. ఆమె రెండో గేరు నుంచి ఒకటికి మార్చబోయింది. పెడల్ తొక్కితే మెత్తగా పోయి నేలకానింది, మళ్ళీ పైకి రాలేదు. గేరు గరగరమంది. ఇంజన్ ఆగింది. వెనక ట్యాంకులో నీళ్ళు ఒక్కసారి ఊగి, బండిని వెనక్కి లాగాయి. ఆమె రెండు కాళ్ళతో బ్రేకు తొక్కి, "దిగన్నా! రాయి!" అని అరిచింది. నేను ఆ వయసులో అంత త్వరగా దిగగలనని నాకే తెలియదు. చేతికందిన బండను ఈడ్చి చక్రం వెనక తోశాను. బండి నిలిచింది. ఆమె దిగి, ట్యాంకు వైపు చూసింది. "ఇన్ని నీళ్ళు ఈ కంపచెట్లకు పోసి పోయేదా?" అంది తనలో తానే. తర్వాత మళ్ళీ ఎక్కి, నాతో రాయి తీయించి, బ్రేకు మీదనే బండిని మెల్లమెల్లగా వెనక్కి వదిలి, కింద చదునుకు దించింది. అక్కడ ఒకటో గేరు వేసి, క్లచ్ జోలికి పోకుండా, అట్లాగే తాళంచెవి తిప్పింది. బండి కప్పలాగా రెండు గెంతులు వేసి కదిలింది. కదిలినదాన్ని మళ్ళీ ఆపలేదు. మిట్ట ఎక్కింది, తోటలోకి దూరింది. ఆపితే మళ్ళీ గెంతాలి కనుక ఆపకుండా వరసల వెంట నడిపింది. నేను పైపు భుజాన వేసుకుని పక్కనే ఉరుకుతూ, దాటిపోతున్న ఒక్కొక్క పాదులోకి నీళ్ళు విసురుతూ పోయాను. సగం నీళ్ళు చెట్లకు, సగం నా పంచెకు. "అన్నా, ఆ మూల చెట్టు!" అని కిటికీలోంచి కేకలు. ఎప్పుడూ నెమ్మదిగా ద్రావణాలు కొలిచి పోసిన చేతులు అట్లా నీళ్ళు చల్లడం అదే మొదలు.

ట్యాంకు ఖాళీ అయ్యాక బండిని గట్టు పక్కన నిలిపాం. బావ శబ్దం విని కర్ర ఆనించుకుంటూ వచ్చి నిలబడ్డాడు. ఎందుకు గేరు మార్చలేదో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను బానెట్ ఎత్తి, క్లచ్ నూనె పెట్టె మూత తిప్పి, అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. స్టోరులో సీసా మీద చీటీ చెరిగిపోతే మేము చేసే పని అదే. క్లచ్‌లోనూ పోసేది బ్రేక్ ఆయిలే, దానికి ఒక పదునైన వాసన ఉంటుంది. ఇది అది కాదు. చిన్నప్పుడు మా అమ్మ నా ముక్కు మూసి, గరిటెతో గొంతులో పోసిన వాసన. తలస్నానం రోజు మాడు మీద తట్టిన వాసన. ఈ సీమలో పుట్టినవాడు నిద్రలో కూడా గుర్తుపడతాడు.

"ఇందులో ఆముదం ఎవరు పోసినారు?" అన్నాను.

"నేనే" అన్నాడు బావ, ఏ మాత్రం తడుముకోకుండా. "దినామూ తెల్లారి పోస్తాండా. ఆయమ్మ బోరు కాడికి పోకముందే యేలు పెట్టి సూస్తా, తగ్గింటే పోస్తా. ఏం?"

"బావా, ఆముదం పోస్తారా ఎవరైనా?"

"ఏమప్పా బామ్మర్దీ, నాకు నేర్పుతాండావా? జీపు బ్రేకులకు ఎన్నేండ్లు పోసినా! మన చేని గట్టు ఆముదం, మన గానుగలో ఆడించింది. ఒక్క దినం బ్రేకు పోలే. కొత్త నూనె కొనేటోళ్ళంతా షోకు రాయుళ్ళు."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. పాతకాలం బ్రేక్ నూనె ఆముదంలో స్పిరిటు కలిపే చేసేవారు. ఆనాటి జీపు రబ్బరుకు దానితో పొత్తు కుదిరింది. ఈ కాలం బండ్లలో వేసే రబ్బరు వేరు. బ్రేక్ ఆయిల్‌లో నిక్షేపంగా ఉంటుంది, మామూలు నూనెలు తగిలితే ఉబ్బిపోతుంది. ఉబ్బిన వాషర్ సిలిండర్‌లో ఒరుసుకుని అంచు చిరుగుతుంది, చిరిగిన దగ్గర కారుతుంది. కారితే తగ్గుతుంది, తగ్గితే బావ మళ్ళీ ఆముదం పోస్తాడు. ఇదంతా నేను చెబితే ఆయన వినలేదు. "రబ్బరు రబ్బరే" అన్నాడు. వాదించి లాభం లేదని, మెకానిక్ ఇచ్చిన కొత్త కిట్టులోంచి ఒకే తీరు వాషర్లు రెండు తీసి, ఒకటి ఆముదం గ్లాసులో, ఒకటి బ్రేక్ ఆయిల్ గ్లాసులో వేసి, ఎండ తగిలే గోడ మీద పెట్టాను. అన్నట్టు, రెండు గ్లాసులకూ చీటీలు అంటించాను. మా చెల్లెలు అది చూసి, "వదిన చెప్పిండేది నిజమే" అంది.

మరునాడంతా ఆమె బండిని గెంతిస్తూనే నడిపింది. సాయంత్రం నేను రెండు వాషర్లనూ గుడ్డతో తుడిచి బావ అరచేతిలో పెట్టాను. ఏది ఏదో చెప్పలేదు. ఆయన వేళ్ళు బండ్ల మధ్య ముదిరిన వేళ్ళు. ఒకదాన్ని తడిమి పక్కన పెట్టాడు. రెండోదాన్ని తడిమాడు, నొక్కాడు, మళ్ళీ మొదటిదాన్ని తీసుకున్నాడు. బండి కొన్నప్పుడు స్పేరుగా వచ్చిన పాత సిలిండర్ తెమ్మని అడిగి, ఒకదాన్ని అందులో దూర్చాడు. సులువుగా జారింది. రెండోది నోటి దగ్గరే ఆగిపోయింది. దాన్ని తోసి తోసి, చివరకు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. 

"అయితే ఇన్ని దినాలు తెంపతాండేది నేనేనా?" అన్నాడు. "పాపం ఆయమ్మ కాలునంటిమే."

 ఆయనకు బండి నడిపే పని పోయింది, చెట్టు చూసే పని పోయింది. తెల్లవారుజామున బానెట్ ఎత్తి, నూనెలో వేలు పెట్టి చూడడం ఒక్కటే ఆ బండి మీద ఆయనకు మిగిలిన హక్కు. ఇప్పుడు దాన్నే నేను తప్పని రుజువు చేసి చేతిలో పెట్టాను. మా చెల్లెలు గేదెకు గడ్డి వేస్తూ అక్కడి నుంచే కలగజేసుకుంది.

"ఎవరు తెంపినారో వానలు పడినాంక కూసోని మాట్లాడుకుందాం. తెల్లారితే కరెంటొస్తాది. నాకు బండి కావల్ల. కింద దూరి పని చేసేదానికి మనిషి కావల్ల. దూరతావా లేదా, అది చెప్పు."

"దూరతా" అన్నాడు బావ.

మర్నాడు పొద్దున్నే రాయదుర్గం నుంచి కొత్త వాషర్లు, కొత్త రబ్బరు గొట్టం తెప్పించాం. గొట్టం కూడా లోపల ఉబ్బింది, దాన్ని ఉంచితే పాత కథే. మెకానిక్ వచ్చి సిలిండర్లు విప్పి, కిరోసిన్‌తో కడగబోతే నేను అడ్డుపడ్డాను. ఏ నూనె పోస్తామో దానితోనే కడగాలన్నాను. అతను నన్నూ నా చీటీలనూ చూసి దండం పెట్టి, అట్లాగే కడిగి బిగించి, ఇంకో బండి పిలిచిందని వెళ్ళిపోయాడు. ఇక మిగిలింది గొట్టంలో గాలి తీయడం. బావ గోనెసంచి పరుచుకుని బండి కింద పడుకున్నాడు. మా చెల్లెలు సీట్లో. నేను పైన పెట్టెలో నూనె తగ్గకుండా పోస్తూ. కింది సిలిండర్‌కు గాలి వదలడానికి ఉండే నిపిల్ అనే మరకు సన్న ట్యూబు తగిలించి, దాని కొసను నూనె ఉన్న సీసాలో ముంచాం. ఆయన ట్యూబును రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. గాలి బుడగ పోతే వేలికి తెలుస్తుందన్నాడు.

"తొక్కు."

"తొక్కినా."

"అట్లే పట్టు. వదలొద్దు."

"పట్టుకోనే ఉండా. నీ మాటకు ఎన్నేండ్ల నుంచి పట్టుకోనుండానో."

"ఊఁ… పోయింది ఒకటి. బిగిచ్చినా. వదులు."

"వదిలినా."

"మెల్లగ వదులు, అత్త మీద కోపం పెడలు మీద చూపీకు."

"మీ అమ్మ మీద కోపం నాకెందుకు, నీ మీద సాలకనా?"

అట్లా చాలాసేపు సాగింది. చివరకు ఆయన వేళ్ళకు బుడగ తగలడం మానేసింది. పెడల్ గట్టిగా, పూర్తిగా పైకి వచ్చింది. ఆమె ఇంజన్ వేసి, ఒకటి, రెండు, వెనక గేరు వరసగా వేసి చూసింది. ఏ చప్పుడూ లేదు. కింద నుంచి ఆయన నవ్వు వినబడింది.

కథ ఇక్కడ ముగిసి ఉంటే నేను సర్వీసు షెడ్డులో సీలు గురించి పట్టుబట్టేవాణ్ణి కాదు. నాలుగు రోజులు బండి మేకలాగా ఎక్కింది. ఆ తర్వాత ఒక నడి మధ్యాహ్నం, తోటలో వరస మధ్యలో, పెడల్ మళ్ళీ మెత్తబడి కిందికి పోయింది. మా చెల్లెలు స్టీరింగు మీద తల ఆనించింది. ఆమె అట్లా చేయడం నేను ఆ ఒక్కసారే చూశాను. బావ చెట్టు నీడ నుంచి లేచి వచ్చి, "నూనె నేను ముట్టలే. ఒట్టు" అన్నాడు. పాపం, మొదట ఆయనకు అదే గుర్తొచ్చింది. నేను పెట్టె మూత తీశాను. నూనె గీత దాకా ఉంది. కింద తడి లేదు. సాయంత్రం చల్లబడ్డాక తొక్కి చూస్తే పెడల్ ఏమీ ఎరగనట్టు గట్టిగా నిలబడింది. మరునాడు నడి ఎండకు మళ్ళీ మునిగింది, చల్లబడ్డాక మళ్ళీ లేచింది.

కారడం వేరు, మరగడం వేరు. నూనె తగ్గి పెడల్ మునిగితే కారినట్టు. తగ్గకుండా మునిగి, చల్లబడ్డాక లేస్తే లోపల మరుగుతున్నట్టు. మరిగిన చోట ఆవిరి పుడుతుంది. నూనెను నొక్కితే తోస్తుంది గాని, ఆవిరిని నొక్కితే అణిగి ఊరుకుంటుంది. బ్రేక్ ఆయిల్ అంత త్వరగా మరగకూడదు. అయితే దానికి మా స్టోరులోని కొన్ని రసాయనాలకున్న గుణమే ఉంది, గాలిలోని తేమను తాగుతుంది. తాగినకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. ఈ ఎండలో తేమ ఎక్కడిదని నేను మొదట తల గోక్కున్నాను. తర్వాత డబ్బా ఎక్కడ పెడుతున్నారో వెళ్ళి చూశాను. పెద్ద డబ్బా, కొన్నప్పుడే తెరిచి ఉన్నది, మూత పోతే గుడ్డ కుక్కింది. అది బండి వెనక, ట్యాంకు కుళాయి కిందనే ఉంది. కుళాయి బొట్టు బొట్టుగా గుడ్డ మీద పడుతోంది. గాలి తీసిన రోజు చెల్లెలు గ్లాసులో వంపి నాకందించిన నూనె ఆ డబ్బాలోదే. ఒక్క చెంబు నీళ్ళ కోసం ఊరంతా అల్లాడుతుంటే, నీళ్ళు రాకూడని చోటికి మాత్రం అడక్కుండానే వచ్చి చేరాయి.

నేనూ చెల్లెలూ రాయదుర్గం పోయాం. అంగడి యజమాని మంచి మాటకారి. వేడి బండి, బరువు, ఎత్తు అని చెప్పగానే పై అర నుంచి ఒక డబ్బా దించాడు.

"ఇదిగో డాట్ ఫైవ్. మీరు పోసేది త్రీ. త్రీ కన్నా ఫోర్ పెద్దది, ఫోర్ కన్నా ఫైవ్ పెద్దది. ఇంగ దీని పైన ఏముండాదమ్మా?"

నేను కళ్ళద్దాలు సవరించుకుని డబ్బా చుట్టూ ఉన్న చిన్న అక్షరాలు చదివాను. డాట్ అంటే ఈ నూనెల రకాలకు వేసే గుర్తు, ఆ ఫైవ్ సిలికాన్ జాతి. మిగిలినవాటితో కలవదు, కలపకూడదని దాని మీదే రాసి ఉంది. మా బండి మూత మీద త్రీ గాని ఫోర్ గాని పోయమని అచ్చు వేసి ఉంది. అది చెబితే అంగడాయన, "సార్, ఇంత దూరమొచ్చి చిన్న నంబరు తీసుకపోతారా?" అన్నాడు. మా చెల్లెలు తన కాలి చెప్పు చూపించింది. "నా చెప్పు నంబరు ఏడు, అన్నా. నీ అంగట్లో పది నంబరుది ఉండాదని దాన్ని తొడుక్కోని పోతే ఇంటికి చేరతానా? ఫోరే ఇయ్యి. సీలుండేవి, చిన్న డబ్బాలు." డాట్ ఫోర్ త్రీ కంటే ఎక్కువ వేడి ఓర్చుకుంటుంది, దానితో తగువు లేకుండా కలుస్తుంది. తేమ అదీ తాగుతుంది. అందుకే చిన్న డబ్బాలు. తెరిచింది తెరిచినట్టు వాడేయాలి, మిగిలింది దాచకూడదు.

పాత నూనెంతా దించి, కొత్తది పోసి, మళ్ళీ అదే కచేరీ. తొక్కు, పట్టు, వదులు. పొగగొట్టం కింది సిలిండర్‌కు జానెడు దూరంలో పోతోందని బావే చేత్తో వేడి పట్టి కనిపెట్టాడు. పాత నూనె టిన్ను కత్తిరించి, ఆ రేకును రెంటికీ మధ్య అడ్డంగా కట్టాడు. మా చెల్లెలు కూడా ఒకటి మార్చుకుంది. చెట్టు దగ్గర క్లచ్ సగం తొక్కి పట్టడం మానేసి, న్యూట్రల్ చేసి కాలు పూర్తిగా తీసేయడం మొదలుపెట్టింది. నేను గమనించి చూస్తే, "మెకానిక్కుకు చెప్పినావంటే సూడు" అంది. తర్వాత కొత్త డబ్బాలన్నీ మూట కట్టి తెచ్చి, బావ ఒళ్ళో పెట్టింది. "ఇవి నీ దగ్గరే ఉండాల. తెల్లారి సూసేది నువ్వే. తగ్గితే నువ్వే పోయి. నీ చేతి మీదనే పోతా." ఆయన డబ్బాలను ఒక్కొక్కటే తడిమి, సీళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని, మంచం కింద పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఆముదం టిన్ను వంటింట్లోకి, దాని అసలు ఉద్యోగానికి వెళ్ళింది.

ఆ తర్వాత నడి మధ్యాహ్నం నిండు ట్యాంకుతో మిట్ట ఎక్కేటప్పుడు నేనూ బావా ఇంటి ముందు నిలబడి వినేవాళ్ళం. నాకు దుమ్ము కనబడేది, ఆయనకు శబ్దం. "రెండు… ఇంగ మార్చల్ల… మార్చింది" అనేవాడు. ఒకటో గేరు పడిన చప్పుడు వినగానే ఆయన భుజాలు కిందికి దిగేవి. అన్ని చెట్లూ దక్కలేదు. మిట్ట వైపు పై వరసల్లో చాలా ఎండిపోయాయి. ఆమె ఒక సాయంత్రం వాటి మధ్య నడిచి వచ్చి, వాటికి నీళ్ళు ఆపేసి, బతికేవాటికి పోద్దామని తానే చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది. కింది వరసలు నిలిచాయి. ఇప్పటికీ కాస్తున్నాయి.

వాన వచ్చిన రోజు ఊరంతా వాకిళ్ళలో నిలబడింది. మా చెల్లెలు మాత్రం ఒక్క వానను నమ్మేదాన్ని కాదంటూ మర్నాడు తెల్లవారకముందే బండి తీసింది. బావ బానెట్ ఎత్తి నూనె చూసి పంపించాడు. ఇంకో వాన పడింది. అయినా తీసింది. బురదలో చక్రాలు జారుతుంటే నేను తోశాను. ఇట్లా కొన్నాళ్ళు. తర్వాత ఎప్పుడో ఒక పొద్దున ఆమె లేచి గేదె పాలు పితికి, చెట్ల కింద కలుపు తీయడానికి పోయింది. బావ మంచం మీద కూర్చుని కాఫీ తాగుతూ ఉండిపోయాడు. బండి కదలలేదు. కదలలేదన్న సంగతి కూడా ఎవరూ అనుకోలేదు. నీళ్ళు పోయడం మొదలుపెట్టిన రోజు మా ముగ్గురికీ బాగా గుర్తుంది. అక్కర్లేకుండా పోయిన రోజు ఏదో ముగ్గురిలో ఎవరికీ తెలియదు. కష్టకాలం తలుపు బాది వస్తుంది. పోయేటప్పుడు మాత్రం మనం పనిలో ఉండగా, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోతుంది.